కస్టమ్ గేమింగ్ లాప్‌టాప్

కస్టమ్ గేమింగ్ లాప్‌టాప్ అనగా కొనుగోలుదారు కోరిన భాగాలతో, ఆర్డరు అందిన తరువాత కూర్చి ఇచ్చే అధిక శక్తి గల లాప్‌టాప్ కంప్యూటరు. ప్రధానంగా వీడియో గేములు ఆడుటకు ఉద్దేశించినదైనా, త్రిమితీయ చిత్రరచన, వీడియో ఎడిటింగు, ఇంజనీరింగు డిజైను, కృత్రిమ మేధ ప్రయోగాలు వంటి పనులకు కూడా దీనిని వాడుతున్నారు. సాధారణ లాప్‌టాప్‌కు, దీనికి గల ముఖ్యమైన తేడా ఇందులోని ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్పు, ఆ చిప్పుకు కావలసిన విద్యుత్తును అందించి, అది పుట్టించే వేడిని బయటకు పంపే ఏర్పాటు. ఈ రెండవ భాగము గురించి ప్రకటనలలో తక్కువగా ఉంటుంది. యంత్రము ఎంత బాగా పనిచేయగలదో నిర్ణయించేది మాత్రము అదే.

మధ్యతరగతి కుటుంబానికి ఇటువంటి యంత్రము ఒక సంవత్సరపు కళాశాల రుసుముతో పోల్చదగిన ఖర్చు. ఒకసారి కొన్న తరువాత ఇందులోని ముఖ్య భాగాలను మార్చుకొనే వీలు చాలా వరకు ఉండదు గనుక కొనుటకు ముందే విషయము తెలిసి ఉండుట అవసరము.

"కస్టమ్" అనే మాటకు అర్థము

డెస్క్‌టాప్ కంప్యూటరు విషయంలో "కస్టమ్" అంటే పెట్టె, మదర్‌బోర్డు, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, విద్యుత్ సరఫరా పెట్టె మొదలైనవి అన్నీ వేరువేరుగా ఎంచుకొని కూర్చుకొనుట. సికింద్రాబాదు ప్యారడైజ్ సమీపంలోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి కంప్యూటరు బజారులో తిరిగి, భాగాలు కొని, అక్కడే కూర్పించుకొని వెళ్ళినవారు హైదరాబాదులో ఎందరో ఉన్నారు. లాప్‌టాప్ విషయంలో ఇంత స్వేచ్ఛ లేదు. చట్రము, మదర్‌బోర్డు, శీతలీకరణ వ్యవస్థ, తెర కలిసి ఒకే తయారీదారు వద్ద ఒకే నమూనాగా తయారవుతాయి. ఇటువంటి అసంపూర్ణ యంత్రమును "బేర్‌బోన్" అంటారు. అమ్మే సంస్థ దానిలో మెమరీ, నిల్వ పరికరము, వైఫై కార్డు వంటివి అమర్చి, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, పరీక్షించి తన పేరుతో అమ్ముతుంది.

ఈ బేర్‌బోన్‌ల తయారీలో ప్రసిద్ధి చెందినది తైవాన్‌కు చెందిన క్లెవో. ఇది 1983లో స్థాపించబడినది. చైనాకు చెందిన టాంగ్‌ఫాంగ్ కూడా ఇటువంటి చట్రాలను సరఫరా చేస్తుంది. అమెరికాలో సేజర్, కెనడాలో యూరోకామ్, జర్మనీలో షెంకర్ సంస్థ వారి ఎక్స్‌ఎంజీ, బ్రిటన్‌లో పీసీ స్పెషలిస్ట్ ఈ పద్ధతిలో లాప్‌టాప్‌లు అమ్మిన సంస్థలలో కొన్ని. అందువలన రెండు దేశాలలో రెండు పేర్లతో అమ్ముడయ్యే యంత్రాలు మూత మీది గుర్తు తప్ప అన్ని విధాలా ఒకటే కావచ్చును. ఒకదానికి విడిభాగము దొరకనప్పుడు రెండవ దాని పేరుతో వెదికితే దొరికే అవకాశము ఉన్నది. బేర్‌బోన్ నమూనా సంఖ్యను కొన్న రోజే రాసి ఉంచుకొనుట మంచిది.

డెల్, ఏసర్, ఆసుస్, లెనోవో, ఎంఎస్ఐ, హెచ్‌పీ వంటి పెద్ద సంస్థలు తమ గేమింగ్ నమూనాలను తామే రూపొందిస్తాయి. వీటిలో కొన్ని తమ వెబ్‌సైటులలో మెమరీ, తెర, నిల్వ వంటి కొన్ని భాగాలను ఎంచుకొనే సౌకర్యము కల్పిస్తాయి. దీనిని "ఆర్డరుపై కూర్పు" అనవచ్చును. భారతదేశంలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్న కస్టమ్ విధానము ఇదే.

చరిత్ర

గేములు ఆడేవారి కోసమే కంప్యూటర్లు కూర్చి అమ్మే వ్యాపారము అమెరికా, కెనడాలలో 1990ల దశకంలో మొదలైనది. కెనడాలోని కాల్గరీ నగరంలో రాహుల్ సూద్ 1991లో స్థాపించిన వూడూ పీసీ, అమెరికాలో 1992లో మొదలైన ఫాల్కన్ నార్త్‌వెస్ట్, మయామీ నగరంలో 1996లో నెల్సన్ గొంజాలెజ్, అలెక్స్ అగ్విలా స్థాపించిన ఏలియన్‌వేర్ వీటిలో ముఖ్యమైనవి. తొలుత ఇవన్నీ డెస్క్‌టాప్‌లకే ప్రసిద్ధి. 2006లో ఏలియన్‌వేర్‌ను డెల్, వూడూ పీసీని హెచ్‌పీ కొన్నాయి. ఏలియన్‌వేర్ పేరు డెల్ నీడలో ఇప్పటికీ కొనసాగుతున్నది. వూడూ పేరు కొద్ది సంవత్సరాలలోనే కనుమరుగై, దాని "ఎన్వీ" అనే నమూనా పేరు మాత్రము హెచ్‌పీ లాప్‌టాప్‌లకు మిగిలినది. ఏలియన్‌వేర్‌లో పనిచేసినవారు కొందరు 2009లో ఆరిజిన్ పీసీ అనే మరొక సంస్థను స్థాపించగా, దానిని 2019లో కోర్సెయిర్ కొన్నది.

2000ల దశకంలోని గేమింగ్ లాప్‌టాప్‌లు నిజానికి మడత పెట్టిన డెస్క్‌టాప్‌లే. క్లెవో డి900 వరుస యంత్రాలలో డెస్క్‌టాప్ ప్రాసెసరునే నేరుగా అమర్చేవారు. ఆ వరుసలోని డి901సిలో రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టుకొనుటకు కూడా వీలుండేది. 2004లో ఎన్విడియా సంస్థ ఎంఎక్స్ఎం అనే ప్రమాణమును ప్రవేశపెట్టినది. దీని ప్రకారము లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ చిప్పు ఒక చిన్న పలక మీద ఉండి, మరలు విప్పి మార్చుకొనుటకు వీలుగా ఉండేది. సూత్రరీత్యా ఇది మంచి ఏర్పాటే. ఆచరణలో పలక ఆకారము, శీతలీకరణ గొట్టాల అమరిక, బయోస్ తోడ్పాటు ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క విధంగా ఉండుట వలన మార్పిడి పట్టుదల గలవారికే సాధ్యమైనది.

తరువాతి కాలంలో మొగ్గు సన్నని యంత్రాల వైపుకు తిరిగినది. 2011లో ప్రకటించిన రేజర్ బ్లేడ్ ఈ మార్పుకు ఒక గుర్తు. ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లలో సాకెట్టు నుండి తీసి మార్చగలిగిన చివరి తరము 2013 నాటి హాస్వెల్. ఆ తరువాతివి మదర్‌బోర్డుకు టంకము వేసి అతికించినవే. గ్రాఫిక్స్ చిప్పులు కూడా క్రమంగా అదే దారి పట్టినవి.

ఎదురు ప్రయత్నాలు లేకపోలేదు. ఏసర్ 2017లో అమ్మకానికి తెచ్చిన ప్రెడేటర్ 21 ఎక్స్ 21 అంగుళాల వంపు తెరతో, రెండు గ్రాఫిక్స్ చిప్పులతో, దాదాపు 9 కిలోల బరువుతో 8,999 డాలర్లకు వచ్చినది. ఒడిలో పెట్టుకొనే యంత్రము అనే పేరుకు దీనిలో అర్థము మిగలలేదు. డెల్ 2019లో తెచ్చిన ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం డెస్క్‌టాప్ ప్రాసెసరుతో, తీసి మార్చగల గ్రాఫిక్స్ పలకతో వచ్చినది. అయితే తరువాతి తరము గ్రాఫిక్స్ చిప్పులను దానిలో అమర్చుకొనే వీలు లేకపోవడంతో, విస్తరణ గురించి చెప్పిన మాట నిలబెట్టుకోలేదని 2021లో అమెరికాలో ఆ సంస్థపై వ్యాజ్యము దాఖలైనది.

గ్రాఫిక్స్ చిప్పు పేరు, దాని వెనుక వాట్లు

కొనుగోలుదారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే గనుక ఈ విషయమును కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది.

2016 వరకు ఎన్విడియా లాప్‌టాప్ చిప్పుల పేరు చివర సాధారణంగా "ఎం" అనే అక్షరము ఉండేది. ఇది డెస్క్‌టాప్ చిప్పు కాదని దానిని బట్టి తెలిసేది. ఆ సంవత్సరము జీటీఎక్స్ 10 వరుసతో ఆ అక్షరమును తీసివేసినారు. ఆ వరుసలో రెండు రకాల మధ్య తేడా నిజంగానే స్వల్పము. తరువాతి వరుసలలో తేడా పెరుగుతూ వచ్చినది, పేరు మాత్రము అలాగే ఉండిపోయినది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 డెస్క్‌టాప్ కార్డులో 21,760 గణన కేంద్రకాలు, 32 గిగాబైట్ల మెమరీ ఉన్నాయి. అది 575 వాట్ల వరకు విద్యుత్తును తీసుకుంటుంది. అదే సంఖ్య గల లాప్‌టాప్ చిప్పులో 10,496 కేంద్రకాలు, 24 గిగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్నాయి. దాని గరిష్ఠ విద్యుత్తు 175 వాట్లు. అంటే సంఖ్య ఒకటే, సరుకు వేరు. ఆర్‌టీఎక్స్ 5070 డెస్క్‌టాప్ కార్డులో 12 గిగాబైట్లు ఉండగా లాప్‌టాప్ చిప్పులో 8 గిగాబైట్లతో సరిపెట్టుటను కూడా ఇక్కడ గమనించవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు మరొకటి ఉన్నది. ఒకే లాప్‌టాప్ చిప్పును వేరువేరు తయారీదారులు వేరువేరు విద్యుత్ పరిమితులతో నడుపుతారు. 2017లో ఎన్విడియా "మాక్స్-క్యూ" అనే పేరుతో సన్నని యంత్రాల కొరకు తక్కువ వాట్లతో నడిచే రకాలను ప్రవేశపెట్టినది. అప్పుడు కనీసము పేరులో ఆ గుర్తు ఉండేది. 2021లో ఆర్‌టీఎక్స్ 30 వరుసతో ఆ గుర్తు పెట్టుట తప్పనిసరి కాకుండా పోయినది. దీనిపై విమర్శలు రావడంతో ఎన్ని వాట్లో తెలుపవలసినదిగా ఎన్విడియా తయారీదారులకు సూచించినది. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ చిప్పుకు అధికారికంగా చెప్పిన పరిధి 35 నుండి 115 వాట్లు. పరిస్థితులు అనుకూలిస్తే ఇంకొక 25 వాట్లు అదనము. ఒక సన్నని యంత్రంలో 50 వాట్లతో నడిచేది, లావుపాటి యంత్రంలో 140 వాట్లతో నడిచేది కూడా ప్రకటనలో "ఆర్‌టీఎక్స్ 4060" గానే కనిపిస్తాయి. ఎక్కువ వాట్లతో నడిచే తక్కువ శ్రేణి చిప్పు, తక్కువ వాట్లతో నడిచే పై శ్రేణి చిప్పును మించిన సందర్భాలు ఉన్నాయి. పై శ్రేణి పేరుకు అదనంగా చెల్లించిన సొమ్ము అప్పుడు పేరుకే చెల్లించినట్లు అవుతుంది.

ఈ వాట్ల సంఖ్యను టీజీపీ అంటారు. తయారీదారు వెబ్‌సైటులోని సాంకేతిక వివరాల పట్టికలో, తరచుగా చిన్న అక్షరాలలో, ఇది ఉంటుంది. కొన్న తరువాత ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లోని సిస్టమ్ సమాచారంలో చూడవచ్చును. దుకాణంలో అమ్మకందారును అడిగి తెలుసుకొనగలిగితే మంచిదే కాని, ఎక్కువ చోట్ల ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

వేడి

లాప్‌టాప్‌లో ఖర్చయ్యే విద్యుత్తు దాదాపు మొత్తము చివరకు వేడిగానే మారుతుంది. చిప్పు మీద అదుముకొని ఉండే రాగి పలక ఆ వేడిని గ్రహించి, బోలుగా ఉండే రాగి గొట్టాల ద్వారా అంచున ఉన్న రేకుల వరసకు చేరవేస్తుంది. ఆ గొట్టాలలో కొద్దిపాటి ద్రవము వేడి చోట ఆవిరై, చల్లని చోట తిరిగి ద్రవంగా మారుతూ వేడిని మోస్తుంది. రేకుల మీదుగా ఫ్యాన్లు గాలిని బయటకు తోస్తాయి. కొన్ని యంత్రాలలో గొట్టాలకు బదులు పలుచని ఆవిరి గది ఉంటుంది. ఆసుస్ 2015లో ప్రదర్శించిన జీఎక్స్700లోను, ఎక్స్‌ఎంజీ 2022లో తెచ్చిన ఒయాసిస్ అనే అదనపు పెట్టెలోను నీటితో చల్లబరచే ఏర్పాటు ఉన్నది. ఇంట్లో బల్ల వద్ద కూర్చున్నప్పుడు పెట్టెకు తగిలించి, బయటకు వెళ్ళునప్పుడు విడదీసి పోవచ్చును.

చిప్పు ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతపై ఆధారపడి ఉంటుంది. ఒక నిర్ణీత విద్యుత్తు వద్ద, ఫ్యాన్లు అదే వేగంతో తిరుగుతున్నప్పుడు, చిప్పుకు గదికి మధ్య తేడా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. 22 డిగ్రీల శీతల గదిలో పరీక్షించినప్పుడు 82 డిగ్రీలు చూపిన చిప్పు, 38 డిగ్రీల గదిలో 98 డిగ్రీలకు చేరవలసి ఉంటుంది. అంత వేడికి చేరక ముందే చిప్పు తనంతట తాను వేగమును తగ్గించుకుంటుంది. దీనిని థ్రాట్లింగ్ అంటారు. విదేశీ పత్రికలలోను వీడియోలలోను కనిపించే పరీక్షా ఫలితాలు ఎక్కువగా చల్లని గదులలో తీసినవి. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. చాలామంది తయారీదారులు తమ యంత్రాలు పనిచేయుటకు నిర్దేశించిన గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలే. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నము ఇటువంటి యంత్రముతో గేము ఆడుట ఆ పరిమితిని దాటి వాడుటే. తెలుగు ప్రాంతాలలో కొనేవారు సన్నదనము కంటె లావుపాటి చట్రానికి, పెద్ద ఫ్యాన్లకు ప్రాధాన్యము ఇచ్చుటకు ఈ ఒక్క కారణము చాలును.

చిప్పుకు, రాగి పలకకు మధ్య పూసే లేపనము కూడా ముఖ్యమైనది. సాధారణ థర్మల్ పేస్టు కొన్ని సంవత్సరాలకు ఎండిపోయి పట్టు తప్పుతుంది. కొన్ని సంస్థలు గాలియము మిశ్రమమైన ద్రవ లోహమును వాడుతున్నవి, లేదా అదనపు రుసుముపై పూసి ఇస్తున్నవి. అది వేడిని మెరుగుగా మోస్తుంది. అయితే అది విద్యుత్ వాహకము. పక్కకు జారితే మదర్‌బోర్డు చెడిపోతుంది. అల్యూమినియమును తినివేస్తుంది కూడా. దీనిని ఇంటి వద్ద పూయ ప్రయత్నించరాదు.

ఆర్డరు ఇచ్చుట

కస్టమ్ సంస్థ వెబ్‌సైటులో మొదట చట్రము నమూనాను ఎంచుకోవలసి ఉంటుంది. దానితోనే ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు చాలా వరకు నిర్ణయమవుతాయి. మిగిలినవి మెమరీ, ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు, కీబోర్డు అక్షరాల అమరిక, ఆపరేటింగ్ సిస్టమ్, పూత, వారంటీ కాలము. విండోస్ లేకుండా కొనే వీలు కొన్ని సంస్థలు ఇస్తాయి. లినక్స్ వాడేవారికి ఇది కొంత ఆదా. కీబోర్డు విషయంలో ఐరోపా సంస్థల వద్ద కొనేవారు జాగ్రత్తగా ఉండవలెను. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ అక్షరాలు స్థానాలు మారి ఉంటాయి.

మెమరీ రెండు పలకలుగా ఉండుట మేలు. 16 గిగాబైట్ల పలక ఒక్కటి పెట్టినప్పటి కంటె 8 గిగాబైట్ల పలకలు రెండు పెట్టినప్పుడు సమాచారము రెండు దారులలో ప్రవహించి చాలా గేములలో వేగము మెరుగుపడుతుంది. తక్కువ మెమరీతో కొని తరువాత బయట కొని వేసుకొనుట ఆదాయకరమని చాలాకాలము సలహా చెప్పేవారు. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన 2025 చివరి నెలలలో మెమరీ ధరలు బాగా పెరిగినవి. కావున ఈ లెక్క కొనే రోజున మళ్ళీ వేసుకోవలసినదే. ముందుగా చూడవలసినది మెమరీ సాకెట్టులో ఉన్నదా, టంకముతో అతికించి ఉన్నదా అనేది. అతికించినదైతే తరువాత పెంచుకొనే ప్రసక్తి లేదు. ఎం.2 రకపు ఎస్ఎస్‌డీకి రెండవ గాడి ఉన్నదో లేదో కూడా చూడవలెను.

తెర గురించి సంక్షిప్తంగా చెప్పవచ్చును. 60 హెర్ట్జ్ తెర ఒక్కొక్క చిత్రమును సుమారు 16.7 మిల్లీసెకన్లు, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లు, 240 హెర్ట్జ్ తెర 4.2 మిల్లీసెకన్లు నిలుపుతుంది. మొదటి దానికి రెండవ దానికి తేడా అందరికీ కనిపిస్తుంది, రెండవ దానికి మూడవ దానికి తేడా కొందరికే. గ్రాఫిక్స్ చిప్పు నుండి తెరకు నేరుగా దారి కల్పించే మక్స్ స్విచ్చి ఉన్న యంత్రము మేలు.

యంత్రము చేతికి రాగానే, మార్పిడికి గడువు ముగియక ముందే, పరీక్షించవలెను. అడాప్టరు తగిలించి, శక్తినంతటినీ వాడుకొనే గేమును కనీసము అరగంట నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాముతో చిప్పుల ఉష్ణోగ్రత, వాట్లు చూడవచ్చును. మొదటి ఐదు నిమిషాల వేగము లెక్కలోనికి రాదు. లోహ భాగాలన్నీ వేడెక్కిన తరువాత నిలిచే వేగమే యంత్రము యొక్క అసలు వేగము. ప్రకటించిన టీజీపీకి గ్రాఫిక్స్ చిప్పు చేరకపోతే, ఫ్యాను గరగరలాడితే, తెరపై వెలగని చుక్కలు కనిపిస్తే వెంటనే అమ్మినవారికి తెలియజేయవలెను. ఆర్డరుపై కూర్చిన యంత్రాలను కొన్ని సంస్థలు వెనుకకు తీసుకొనవు, లేదా ధరలో కొంత కోత విధిస్తాయి. ఈ షరతును డబ్బు చెల్లించక ముందే చదువుకోవలెను.

విద్యుత్తు, బ్యాటరీ

ఈ యంత్రాల అడాప్టర్లు సాధారణంగా 180 నుండి 330 వాట్ల వరకు ఉంటాయి. అడాప్టరు బరువే ఒక కిలో వరకు ఉండవచ్చును. మన 230 వోల్టుల సరఫరాపై 330 వాట్ల అడాప్టరు రెండు ఆంపియర్ల లోపే తీసుకుంటుంది గనుక ఇంటిలోని సాధారణ 6 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది. ఎర్తింగు సరిగా ఉండవలెను. లేనిచో లోహపు చట్రమును తాకినప్పుడు చిన్నగా జివ్వుమని తగులుతుంది.

గేము ఆడునప్పుడు మొత్తము యంత్రము 250 వాట్లు తీసుకొనునని అనుకుంటే నాలుగు గంటలకు ఒక యూనిట్టు ఖర్చవుతుంది. రోజూ నాలుగు గంటలు ఆడితే నెలకు 30 యూనిట్లు. శ్లాబుల పద్ధతిలో బిల్లు వేసే తెలుగు రాష్ట్రాలలో ఇది ఇంటి వాడకమును పై శ్లాబుకు చేర్చవచ్చును.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీపై గేము ఆడుటకు ఈ యంత్రాలు పనికిరావనే చెప్పవచ్చును. విమాన ప్రయాణ నిబంధనల ప్రకారము 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీని ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకొని వెళ్ళవచ్చును. అందుకే పెద్ద గేమింగ్ లాప్‌టాప్‌ల బ్యాటరీలు 99 వాట్-అవర్ల వద్ద ఆగిపోతున్నవి. 100 వాట్లు ఖర్చు చేస్తూ ఆడితే అది గంటసేపు మాత్రమే వస్తుంది. అంతకంటె ఎక్కువ శక్తిని బ్యాటరీ నుండి లాగితే అది త్వరగా దెబ్బతింటుంది గనుక యంత్రమే గ్రాఫిక్స్ చిప్పు వాట్లను తగ్గిస్తుంది. ఇంటి ఇన్వర్టరుపై నడపదలచినవారు అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకొనవలెను. ఫ్యాన్లకు, దీపాలకు లెక్కకట్టి పెట్టించిన ఇన్వర్టరుపై మరో 250 వాట్ల భారము పడితే అది ఎంతోసేపు నిలవదు. 100 వాట్ల యూఎస్‌బీ-సి చార్జరు రాతకోతలకు, పాఠాలకు చాలును, గేముకు చాలదు. గేము ఆడుతున్నంతసేపు లోటును బ్యాటరీ భరిస్తూ ఖాళీ అవుతుంది.

విదేశాల నుండి తెచ్చుకొనుట

అమెరికాలో ఉన్న బంధువుల చేత లాప్‌టాప్ తెప్పించుకొనుట తెలుగు కుటుంబాలలో పరిపాటి. 18 సంవత్సరాలు నిండిన ప్రయాణికుడు తన వెంట తెచ్చుకొనే ఒక లాప్‌టాప్‌కు భారతదేశంలో కస్టమ్స్ సుంకము నుండి మినహాయింపు ఉన్నది. కొరియరు ద్వారా తెప్పించుకొంటే పన్నులు చెల్లించవలసి ఉంటుంది.

అమెరికా అడాప్టర్లు సాధారణంగా 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి గనుక ట్రాన్స్‌ఫార్మరు అవసరము లేదు. పిన్నుల ఆకారము మాత్రమే తేడా. ఇందుకు చవకరకము కన్వర్టరు పెట్టుట కంటె, అడాప్టరు నుండి గోడకు వెళ్ళే తీగను తీసివేసి ఐఎస్ఐ గుర్తు గల మూడు పిన్నుల తీగను కొని తగిలించుట క్షేమము. వదులుగా ఉండే కన్వర్టరులో 300 వాట్లు గంటల తరబడి ప్రవహిస్తే పిన్నుల వద్ద మాడిపోయే ప్రమాదము ఉన్నది.

ఇక వారంటీ. ఒక దేశంలో కొన్న యంత్రానికి మరొక దేశంలో ఉచిత మరమ్మతు అన్ని సంస్థలు ఇవ్వవు. కస్టమ్ సంస్థలకు భారతదేశంలో సేవాకేంద్రాలు ఉండుట అరుదు. వారంటీ ఉన్నా యంత్రమును తిరిగి ఆ దేశానికి పంపుటకయ్యే ఖర్చు, రాకపోకలలో సుంకపు చిక్కులు యజమానివే. ధరలో కనిపించే ఆదా ఒక్క మరమ్మతుతో హరించుకొని పోవచ్చును. హాస్టలులో ఉండి చదువుకొనే విద్యార్థికి ఉన్న ఊరిలోనో, పక్క జిల్లా కేంద్రంలోనో సేవాకేంద్రము గల సంస్థ యంత్రమే, చిప్పు ఒక మెట్టు తక్కువైనా, ఎక్కువ ఉపయోగకరము.

వాడకము, సంరక్షణ

గాలిని లోపలికి పీల్చే రంధ్రాలు చాలా యంత్రాలలో అడుగున ఉంటాయి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే అవి మూసుకొని పోతాయి. గట్టి బల్లపై పెట్టి, వెనుక వైపు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు కల్పిస్తే ఉష్ణోగ్రత గుర్తించదగినంత తగ్గుతుంది. ఎత్తుకు ఒక పాత పుస్తకము చాలును, గాలి రంధ్రాలకు అడ్డము రాకుండా చూసుకుంటే.

దుమ్ము రెండవ శత్రువు. రోడ్డు పక్క ఇళ్ళలో ఆరు నెలలకు ఒకసారి రేకుల మధ్య దుమ్మును తీయవలసి రావచ్చును. గాలి ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను పుల్లతో ఆపి ఉంచవలెను. లేనిచో అవి అతివేగంగా తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. అడుగు మూత తెరిస్తే వారంటీ పోతుందా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. కస్టమ్ సంస్థలు సాధారణంగా ఈ విషయంలో ఉదారంగా ఉంటాయి.

శబ్దము, వేడి రెండూ తగ్గుటకు సులువైన ఉపాయము ఆటలో సెకనుకు చిత్రాల సంఖ్యకు పరిమితి పెట్టుట. 140 చిత్రాలు వచ్చే చోట 90కి కట్టడి చేస్తే ఆటలో తేడా కొద్దిగానే తెలుస్తుంది, ఖర్చయ్యే వాట్లు మాత్రము బాగా తగ్గుతాయి. ప్రాసెసరు వోల్టేజీని కొంచెము తగ్గించుట మరొక ఉపాయము. కాని 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపము బయటపడిన తరువాత చాలా ఇంటెల్ యంత్రాలలో ఈ సౌకర్యమును మూసివేసినారు.

ఎప్పుడూ అడాప్టరుకు తగిలించి ఉంచేవారు బ్యాటరీ చార్జింగును 60 లేదా 80 శాతము వద్ద ఆపే సెట్టింగును వాడవలెను. నిండు చార్జింగు, వేడి కలిసి బ్యాటరీని ఉబ్బింపజేస్తాయి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్లు కనిపించినా, అడుగు మూత సరిగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బినట్లు అనుమానించి వాడకము ఆపవలెను. దానిని గుచ్చుట, నొక్కుట ప్రమాదకరము.

విస్తరణ, మరమ్మతు

ప్రస్తుతము ఎక్కువ యంత్రాలలో యజమాని మార్చుకొనగలిగినవి మెమరీ, ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు, బ్యాటరీ, ఫ్యాన్లు. గ్రాఫిక్స్ చిప్పు చెడిపోతే మదర్‌బోర్డు మొత్తము మార్చవలసినదే. దాని ఖరీదు యంత్రము ధరలో పెద్ద భాగము. చిన్న దుకాణాలలో చిప్పును వేడిచేసి తిరిగి అతికించే మరమ్మతు చేస్తారు. అది కొన్నాళ్ళు పనిచేసినా నమ్మదగినది కాదు.

దీనికి భిన్నమైన మార్గమును అమెరికాకు చెందిన ఫ్రేమ్‌వర్క్ సంస్థ చేపట్టినది. 2024 ఆరంభంలో కొనుగోలుదారులకు అందిన ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్ 16లో గ్రాఫిక్స్ భాగము వెనుక నుండి మరలు విప్పి తీయదగిన విధంగా ఉన్నది. మొదట అది ఏఎండీ వారి రేడియాన్ ఆర్‌ఎక్స్ 7700ఎస్ చిప్పుతో వచ్చినది. 2025 ఆగస్టులో అదే చట్రంలో అమర్చుకొనే ఆర్‌టీఎక్స్ 5070 భాగమును ప్రకటించినారు. పాత యంత్రము కొన్నవారు కూడా దీనిని కొని వేసుకొనవచ్చును. ఎంఎక్స్ఎం, ఏరియా-51ఎం ఆశ చూపి నెరవేర్చలేకపోయిన పని ఇది. అయితే ఇది ఒకే సంస్థ ఏర్పాటు, అన్ని సంస్థలు ఒప్పుకొన్న ప్రమాణము కాదు.

పాత యంత్రమును అమ్మునప్పుడు ఎస్ఎస్‌డీని తుడిచి, లేదా తీసి ఉంచుకొని ఇవ్వవలెను. కొనేవారు బేర్‌బోన్ నమూనా సంఖ్య, అసలు అడాప్టరు ఉన్నవా అని చూడవలెను. తక్కువ వాట్ల బయటి అడాప్టరుతో ఇచ్చిన పాత గేమింగ్ లాప్‌టాప్ దుకాణంలో చక్కగా వెలిగినా, ఇంటికి తెచ్చి గేము మొదలుపెట్టగానే సగము వేగానికి పడిపోతుంది.